ఎడమ పక్క లేని అంతరిక్ష నౌక

రాత్రి రెండింటికి మంచినీళ్ళ కోసం లేచిన మా నాన్న, నా మంచం దగ్గర ఆగి, దుప్పట్లో వెలుగుతున్న ఫోన్‌లోకి తొంగి చూసి ఒక్క మాట అన్నాడు.

“అది చెక్కేరా.”

నేను చూస్తున్నది స్టార్ ట్రెక్. 1966 సెప్టెంబర్‌లో అమెరికా టీవీలో మొదలైన పాత సీరియల్. స్క్రీన్ మీద ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక చుక్కల మధ్య నుంచి సాగిపోతోంది. ముందు పెద్ద పళ్ళెం, దాని కింద మెడ, మెడ కింద పొడుగాటి పొట్ట, వెనక పైకి లేచిన రెండు గొట్టాలు. నాకు అది అంతరిక్ష నౌక. ముప్పై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్న మా నాన్నకి మాత్రం అది చెక్క.

“కాదు నాన్నా, ఇనుమో ప్లాస్టిక్కో అయ్యుంటుంది” అన్నాను.

“ఆ పొట్ట వంపు చూడు. లేత్ పట్టిన వంపు అది. పడుకో ఇంక.”

ఆయన పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. అసలు ఆ రోజుల్లో నాకు నిద్రే లేదు, కారణం తర్వాత చెప్తాను. గూగుల్ చేశాను. ఆ నౌకని వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ళ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో పెట్టారు. దేనితో చేశారో కూడా రాశారు: ఎక్కువ భాగం పాప్లర్ చెక్క. మిగతాది అచ్చు పోసిన ప్లాస్టిక్, చుట్టిన రేకు.

నాలుగేళ్ళు ఇంజినీరింగ్, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి రెండింటికి కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా మా నాన్న నన్ను ఓడించేశాడు.

పదకొండడుగులు ఎందుకు?

పొద్దున టిఫిన్ దగ్గర నిజం ఒప్పుకున్నాను. ఆయనేం గర్వపడలేదు గానీ, దోసె తింటూ ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఏం చెక్క? ఎంత పొడుగు? ఎవరు చేశారు? ఎన్ని రోజులు పట్టింది?

పాప్లర్ అంటే తేలిగ్గా, మెత్తగా, ఉలికి బాగా లొంగే చెక్క అని చెప్పాను. “మన కొండపల్లి బొమ్మలకి పొణికి లాగన్నమాట” అన్నాడు. అంతే. నేను పది నిమిషాలు వివరిద్దామనుకున్నది ఒక్క ముక్కలో అయిపోయింది.

నౌకని డిజైన్ చేసినాయన పేరు మ్యాట్ జెఫ్రీస్. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో పనిచేసిన మనిషి. బొమ్మ కట్టింది రిచర్డ్ డాటిన్ అనే మోడల్ మేకర్, కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో ఒక మోడల్ షాపు వాళ్ళతో కలిసి. ముందు 33 అంగుళాల చిన్న బొమ్మ చేసి చూపించారు. అది ఓకే అయ్యాక పెద్దది. 1964 డిసెంబర్ ఆఖరుకి డెలివరీ. పొడుగు 11 అడుగుల పైనే, బరువు దాదాపు 90 కిలోలు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడున్నర.

“టీవీలో అరచేతంత కనపడేదానికి పదకొండడుగులెందుకురా? దండగ కాదూ?” అన్నాడు నాన్న.

ఇదే అనుమానం మీకూ వస్తే ఒక పని చేయండి. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చీమని ఫోటో తీయండి. తల క్లియర్‌గా వస్తే వెనక భాగం మసకేస్తుంది. లెన్స్ చిన్న వస్తువుకి బాగా దగ్గరైతే మొత్తం ఒకేసారి ఫోకస్‌లో ఉండదు. ఆ మసక చూడగానే మన కన్ను “ఇది బొమ్మ” అని పట్టేస్తుంది. కథలో ఎంటర్‌ప్రైజ్ పొడుగు 947 అడుగులు. అంత పెద్దదని నమ్మించాలంటే పళ్ళెం అంచు నుంచి తోక దాకా అన్నీ స్పష్టంగా కనపడాలి. బొమ్మ ఎంత పెద్దదైతే ఆ పని అంత తేలిక. వాళ్ళు చేసిన బొమ్మ అసలు నౌకలో సుమారు 84వ వంతు.

ఇంత బరువున్నదాన్ని తీగలకి వేలాడదీసి ఊపలేరు కదా. అందుకే బొమ్మని స్టాండు మీద నిలబెట్టి, కెమెరానే పట్టాల మీద నడిపారు. వెనక నీలం తెర. చుక్కలు తర్వాత కలిపారు. మనం చూసేటప్పుడు నౌక మన మీదుగా దూసుకుపోతుంది. నిజానికి అది అంగుళం కూడా కదల్లేదు.

“మాయాబజార్‌లో ద్వారక చూశావుగా? అదీ బొమ్మ ఇళ్ళతో కట్టిందే. మనవాళ్ళు 1957లోనే చేశారు” అన్నాడు నాన్న, చెయ్యి కడుక్కుంటూ. ఆ పాయింటు ఆయనకే వదిలేశాను.

పది గంటల మీటింగ్

ఇప్పుడు నిద్ర పట్టని కారణం చెప్తాను.

అప్పటికి నేను హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చి రెండు నెలలు. “ప్రాజెక్టుకి వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు” అని చెప్పాను. ప్రాజెక్టు లేదు, వర్క్ లేదు. పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. కాల్ అయ్యేసరికి నా ఆఫీస్ మెయిల్ పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది.

ఇంట్లో చెప్పలేకపోయాను. చదువు కోసం తీసుకున్న లోను నాన్నే కట్టాడు. “మా వాడు సాఫ్ట్‌వేర్” అని ఆయన షాపు దగ్గర టీ కొట్టు వాడికి కూడా తెలుసు. అందుకని రోజూ పొద్దున పదింటికి హెడ్‌సెట్ పెట్టుకుని “మీటింగ్ ఉందమ్మా” అని తలుపేసుకునేవాణ్ణి. లోపల ఉద్యోగాలకి అప్లై చేయడం, రాని జవాబుల కోసం మెయిల్ చూసుకోవడం. రాత్రిళ్ళు స్టార్ ట్రెక్.

ఆ చెక్క సంగతి బయటపడ్డాక మాత్రం రాత్రి భోజనం తర్వాత మా ఇద్దరికీ అదో అలవాటైంది. చిన్నప్పటి నుంచీ మా మధ్య మాటలు తక్కువ. తిన్నావా, ఫీజు కట్టావా, బస్సు ఎన్నింటికి, అంతే. ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని “ఇవాళేం చూపిస్తావురా” అనేవాడు.

ఒక రోజు నౌక మీద అంకెల కథ చెప్పాను. ఎన్‌సీసీ-1701. అప్పటి టీవీలు చిన్నవి, బొమ్మ మసక. 3, 6, 8, 9 దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయని జెఫ్రీస్ వాటిని పక్కన పెట్టేశాడు. 1, 7, 0 అయితే ఎంత మసకలోనైనా చదవొచ్చు. నున్నటి ఒంటికీ ఒక కారణం ఉంది. చెడిపోయే సామాను బయట ఎందుకు పెడతారు, లోపల ఉంటేనే కదా రిపేరు చేసుకునేది అని ఆయన వాదన. “ఈయన పని తెలిసిన మనిషి” అన్నాడు నాన్న. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

ఇంకో రోజు డబ్బుల సంగతి. వారం వారం నౌకని ఏదో ఒక గ్రహం మీద దింపి షూట్ చేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని మనుషుల్ని వెలుగులా కరిగించి నేల మీదకి పంపే మిషన్ కనిపెట్టారు. ప్రపంచమంతా అబ్బురపడిన ఆ టెక్నాలజీకి మూలం బడ్జెట్ లేకపోవడం. నౌక షాట్లు కూడా అంతే, తీసినవే మళ్ళీ మళ్ళీ వాడుతూ మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిపించేశారు. మా భాషలో దీన్ని కోడ్ రీయూజ్ అంటారు.

రంపపు పొట్టు, స్లో మోషన్

స్టార్ ట్రెక్ అయ్యాక బ్రిటన్ వాళ్ళ థండర్‌బర్డ్స్ చూపించాను. 1965 నాటిది. అందులో మనుషులు కూడా బొమ్మలే. కానీ రాకెట్లు లేస్తుంటే, భవనాలు కూలుతుంటే నిజంలాగే ఉంటుంది. ఆ పని చేసింది డెరెక్ మెడింగ్స్ బృందం. కొత్త బొమ్మ కొత్తగా కనపడితే ఎవరూ నమ్మరని, రంగు వేశాక దాన్ని కావాలని మాపేవారు. ప్లాస్టిక్ మోడల్ కిట్ల నుంచి ముక్కలు తెచ్చి మీద అతికించేవారు. దాంతో అవి గొట్టాలు, మూతలు, యంత్రాల్లా కనపడేవి.

“కూలేటప్పుడు మరీ నెమ్మదిగా కూలుతోందేంట్రా?” అని అడిగాడు నాన్న.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. 20 మీటర్ల మేడ మీద నుంచి ఇటుక పడితే నేల తాకడానికి సుమారు రెండు సెకన్లు. అదే మేడని 25వ వంతు బొమ్మగా చేస్తే ఎత్తు 80 సెంటీమీటర్లు. ఇటుక 0.4 సెకన్లలో కింద ఉంటుంది. ఎత్తు 25 రెట్లు తగ్గితే, పడే టైము దాని వర్గమూలం, అంటే 5 రెట్లు తగ్గుతుంది. గురుత్వాకర్షణని మనం చిన్నది చేయలేం కదా. అందుకని కెమెరాని 5 రెట్లు వేగంగా తిప్పుతారు. సెకనుకి 24 ఫ్రేముల బదులు 120. దాన్ని మామూలు వేగంతో వేస్తే బొమ్మ మేడ నిజం మేడలా బరువుగా కూలుతుంది. మెడింగ్స్ వాళ్ళు 120 ఫ్రేముల దాకా తీసింది అందుకే. మీ ఫోన్ స్లో మోషన్‌లో కూడా 120 అని ఉంటుంది, చూడండి.

నాన్నకి లెక్క చెప్తే నమ్మలేదు, చూపించమన్నాడు. మర్నాడు మధ్యాహ్నం “లంచ్ బ్రేక్” అని చెప్పి ఆయన షాపుకి వెళ్ళాను. చెక్క ముక్కలతో చిన్న గోడ కట్టి, పైన రంపపు పొట్టు పోసి, కింద ముక్క లాగి స్లో మోషన్‌లో తీశాను. పొట్టు మేఘంలా విచ్చుకుంటూ దిగింది. నాన్న ఆ వీడియో నాలుగుసార్లు చూశాడు.

నేను మాత్రం షాపు చూస్తున్నాను. ఎన్నేళ్ళయిందో పగటిపూట అక్కడికెళ్ళి. గోడకి ఆనించిన తలుపు చట్రాలు లేవు. వార్నిష్ వాసన లేదు. మూలన ఎప్పుడూ ఉండే లేత్ మిషన్ లేదు, దాని నాలుగు కాళ్ళ గుర్తులు నేల మీద ఉన్నాయి.

“మిషనేది నాన్నా?”

“రిపేరుకిచ్చా.”

నేను ఇంకేం అడగలేదు. అడిగే అర్హత నాకెక్కడిది? ఒంటి గంట దాటుతోంది, రెండింటికి నాకు “మీటింగ్”.

ఎప్పుడూ కుడి పక్కేనా?

వారం తర్వాత ఒక రాత్రి నాన్న ఎపిసోడ్ మధ్యలో ఆపమన్నాడు.

“ఈ ఓడ ఎప్పుడూ ఒకే పక్క కనపడుతోంది. చూశావా? రెండో పక్క చూపించరేం?”

అది ఆయన కనిపెట్టినందుకు నాకు ఆశ్చర్యం వేయలేదు. అప్పటికి అలవాటైంది.

నిజమే. ఎంటర్‌ప్రైజ్ బొమ్మకి ఎడమ పక్క పూర్తి చేయలేదు. మొదటి పైలట్ ఎపిసోడ్‌కి లోపల లైట్లు లేవు. తర్వాత కిటికీల్లో లైట్లు పెట్టారు. 1966లో సీరియల్ మొదలయ్యేటప్పుడు గొట్టాల మూతుల దగ్గర మసక గాజులాంటి టోపీలు పెట్టి, లోపల మోటారుతో తిరిగే రెక్కలు, వెనక క్రిస్మస్ చెట్టుకి వేసే రంగు రంగుల మిణుకు బల్బులు, అద్దం ముక్కలు అమర్చారు. స్క్రీన్ మీద అదే ఇంజిన్‌లో ఏదో శక్తి సుళ్ళు తిరుగుతున్నట్టు కనపడుతుంది. వీటన్నిటికీ కరెంటు కావాలి. ఆ వైర్లు ఎడమ పక్క నుంచి వెళ్ళాయి. ఎలాగూ ఆ పక్క కెమెరాకి చూపించరు కాబట్టి అటు కిటికీలు, గుర్తులు పెట్టలేదు. ఎప్పుడైనా రెండో పక్క కావాలంటే, కుడి పక్కనే అంకెల్ని తిరగేసి అతికించి, షూట్ చేసిన ఫిల్మ్‌ని అద్దంలోలా తిప్పేసేవారు.

మ్యూజియం ఫోటోల్లో ఆ ఎడమ పక్క చూపించాను. బోసిగా ఉంది.

చూపిస్తూ నేనన్నాను, “చూశావా నాన్నా, మోసం కాదూ? ప్రపంచమంతా మెచ్చుకున్న ఓడ. సగమే ఉంది.”

అది ఓడ గురించే అన్నానో లేదో నాకు తెలీదు. గొంతు కొంచెం తేడాగా వచ్చినట్టుంది.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “మోసమేముందిరా ఇందులో. బీరువా చేస్తే గోడకి ఆనే పక్క నేనేమన్నా పాలిష్ పెడతానా? పల్చటి ప్లైవుడ్డు కొట్టి వదిలేస్తా. అందరూ అంతే. కాకపోతే ఏదో ఒక రోజు బీరువా జరపాల్సొస్తుంది. ఆ రోజుకి వెనక చెద పట్టకుండా ఉంటే చాలు.”

ఫ్యాన్ తిరుగుతోంది. ఫోన్ స్క్రీన్ దానంతటదే ఆరిపోయింది.

“నాన్నా, నా ఉద్యోగం పోయింది” అన్నాను. “మూడు నెలలైంది.”

“తెలుసు.”

“ఎట్లా?”

“రోజూ మీటింగ్ అని తలుపేసుకుంటావు. ఒక్క రోజన్నా నీ మాట బయటికి వినపడిందా? ఇంతకుముందు పండక్కి వస్తే వీధి చివరికి వినపడేట్టు ఇంగ్లీషు మాట్లాడేవాడివి.”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన నా వైపు చూడకుండా, “లేత్ మిషన్ రిపేరుకివ్వలేదు. సంక్రాంతి ముందే అమ్మేశా” అన్నాడు. ఊళ్ళో అందరూ రెడీమేడ్ తలుపులు, మాడ్యులర్ కిచెన్లు పెట్టించుకుంటున్నారు. ఆర్డర్లు లేవు. అయినా రోజూ తొమ్మిదింటికి షాపు తీసి, కూర్చుని, ఏడింటికి మూసేస్తున్నాడు. నేనెక్కడ కంగారు పడతానో అని చెప్పలేదట.

అంటే ఒకే ఇంట్లో ఇద్దరం, రోజూ టైముకి తయారై, లేని పనికి వెళ్తున్నాం.

లోపలి గది నుంచి అమ్మ గొంతు వినపడింది. “అయిందా? ఇద్దరూ చెప్పుకున్నారా? ఇక పడుకోండి. ఎవరికి వాళ్ళు వచ్చి నాకు చెప్పొద్దంటే, నా తల పగిలిపోతోంది.”

నేను అమ్మకి చెప్పలేదు. తనే నా ముఖం చూసి కనిపెట్టేసి, ఒట్టు వేయించుకుంది. నాన్న సంగతీ అంతేనేమో.

వైర్లు అటు నుంచే

తర్వాత ఏమైందంటే, పెద్దగా ఏమీ కాలేదు. ఉద్యోగం వెంటనే రాలేదు. కానీ తలుపేసుకోవడం మానేశాను. ల్యాప్‌టాప్ తీసుకుని షాపుకెళ్ళి అక్కడ కూర్చుని అప్లై చేసేవాణ్ణి. నాన్న చేసిన మందిరాలు, పీటలు, స్టడీ టేబుళ్ళ ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. రెండు పూజా మందిరాలకి ఆర్డర్లు వచ్చాయి. ఒకటి గుంటూరు నుంచి, ఒకటి విజయవాడ నుంచి. పెద్ద డబ్బేం కాదు, షాపు అద్దెకి సరిపోయింది.

ఖాళీ టైములో ఎంటర్‌ప్రైజ్ మొదలుపెట్టాం. పెద్దది కాదు, 33 అంగుళాలది, డాటిన్ ముందుగా చేసిన సైజు. ఆ చిన్న బొమ్మకీ ఒక కథ ఉంది. 1970ల చివర్లో కనపడకుండా పోయింది. 2023లో ఆన్‌లైన్‌లో అమ్మకానికి తేలింది. 2024లో సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ కొడుకు చేతికి చేరింది. పెద్ద బొమ్మ 1974లోనే మ్యూజియానికి వెళ్ళింది. అక్కడ కూడా చాలా ఏళ్ళు గిఫ్ట్ షాపులోనే ఉంది. చివరికి ఎక్స్‌రేలు తీసి, పొరలు పొరలుగా రంగు పరిశీలించి, పాత ఫోటోలుంటే పంపమని అభిమానుల్ని అడిగి, బాగుచేసి, 2016 జులైలో మ్యూజియం ముఖ్యమైన హాల్లో పెట్టారు. పళ్ళెం పైభాగం రంగు ఒకటే అప్పటి అసలు రంగు. లోపల ఇప్పుడు ఎల్‌ఈడీలు. ఎడమ పక్క మాత్రం అలాగే ఉంచారు.

మా బొమ్మకి పళ్ళెం నాన్న ప్లైవుడ్డు రింగులు ఒకదాని మీద ఒకటి అతికించి, తోపడా పట్టి, ఎమరీ కాగితంతో నున్నగా చేశాడు. పొట్ట భాగం పక్క వీధిలో వాళ్ళ లేత్ మీద తిప్పించాం. సొంత మిషన్ లేదని ఆయన ఆ రోజు కొంచెం దిగులుపడ్డాడు. గొట్టాల కోసం పీవీసీ పైపు వాడదామంటే ఒప్పుకోలేదు, రేకు చుట్టాడు. లైట్లు, మోటారు, కోడు నావి. ఆర్డుయినో బోర్డుతో మిణుకు ఎంత వేగంగా ఉండాలో సరిచేయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నాన్న ఒక పీట చేసి అమ్మేశాడు.

ఎడమ పక్క ఏం చేద్దామని అడిగాను.

“వైర్లు అటు నుంచే కదా రావాలి” అన్నాడు. బర్మాతో ఒక చిల్లు పెట్టి, చుట్టూ ఉలితో అంచు సరిచేసి, లోపలికి ఊది పొట్టు ఎగరగొట్టాడు. తర్వాత సీసాలోంచి చెదల మందు తీసి ఆ బోసి పక్కంతా ఒక పూత వేశాడు.

పోయిన నెల నాకు ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జీతం ఇంతకు ముందుకంటే తక్కువ. వర్క్ ఫ్రమ్ హోమే, ఈసారి నిజం. పొద్దున పదింటికి మీటింగ్‌లో నా గొంతు వీధి చివరికి వినపడుతోందని అమ్మ తిడుతోంది. ఎంటర్‌ప్రైజ్ షాపులో, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కుడి పక్క కనపడేలా వేలాడుతోంది. నాన్న స్టూలు మాత్రం దాని ఎడమ వైపు వేసుకున్నాడు.